నమూనా నౌకలో నావికులెక్కడ?

ఒక వస్తువును వున్నదున్నట్టు చూపినంత మాత్రాన దాన్ని గురించిన నిజం చెప్పినట్టవుతుందా? నవలను గురించీ, కథానికను గురించీ మనం ఎన్నోసార్లు చర్చించుకున్న ప్రశ్న ఇది. వాస్తవికతావాదానికీ సహజవాదానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్న వాదం దీని చుట్టూనే తిరిగింది. సాహిత్యంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. అక్కడ ఎవరి కొలబద్ద వారిది. అందుకని ఈ వ్యాసంలో మరో చోటికి వెళదాం. అక్కడ యథాతథతను మిల్లీమీటర్లలో కొలుస్తారు, తప్పును భూతద్దంతో పట్టుకుంటారు. అది యుద్ధనౌకలకు చిన్న నమూనాలు తయారుచేసేవారి పనిబల్ల.

ఈ పని తెలియనివారి కోసం కొంత వివరించాలి. పేరుమోసిన నౌకలకు పెద్ద కంపెనీలు ప్లాస్టిక్ నమూనాలు తయారుచేస్తాయి. అందుకు ఉక్కు అచ్చులు కావాలి. వాటి ఖర్చు ఎక్కువ. వేలకొద్దీ అమ్ముడుపోయే నౌకకే ఆ ఖర్చు గిట్టుతుంది. అంతగా పేరులేని నౌకలు చిన్న కార్ఖానాల పాలవుతాయి. అక్కడ ఒక మూల నమూనా చుట్టూ సిలికోన్ రబ్బరు పోసి మెత్తని అచ్చు తీస్తారు. రెండు ద్రవాలను కలిపి ఆ అచ్చులో పోస్తే కొద్ది నిమిషాల్లో గట్టిపడి రెజిన్ అవుతుంది. కొన్ని పదుల పోతలకే రబ్బరు అచ్చు అరిగిపోతుంది. ఇటీవల కంప్యూటరులో గీసిన రూపాన్ని పొరలు పొరలుగా ముద్రించే యంత్రాలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. ఎలా చేసినా కొన్నవాడికి ముట్టేది నౌక కాదు. పోతలో మిగిలిన ముద్ద, గాలి బుడగల గుంటలు, వంకర తిరిగిన ఫిరంగి గొట్టాలు వున్న ఒక సంచి. ముద్దను రంపంతో కోయాలి. వంకరను వేడినీళ్ళలో ముంచి సరిచెయ్యాలి. అచ్చు నుంచి అంటిన జిడ్డును సబ్బుతో కడగాలి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు గనక ముక్కుకు గుడ్డ కట్టుకుని నీటితడితోనే అరగదియ్యాలి. ప్లాస్టిక్‌ను అతికించే జిగురు దీన్ని అతికించదు, వేరే జిగురు వాడాలి. ఆపైన రసాయనంతో తొలిచిన పల్చని ఇత్తడి రేకు నుంచి కటకటాలు, నిచ్చెనలు విడదీసి, పట్టకారుతో ఒక్కొక్కటే నిలబెట్టాలి. సెగకు సాగదీసిన ప్లాస్టిక్ పోగులే స్తంభాల తాళ్ళు. నెలలు పడుతుంది.

ఇందుకు ఉదాహరణగా మన పాఠకులకు పేరు తెలిసిన నౌకనే తీసుకుందాం. అది 'పొటెమ్‌కిన్'. 1900లో నికొలాయెవ్ రేవులో జారు ప్రభుత్వం నీటికి దింపిన యుద్ధనౌక. పొడవు సుమారు 115 మీటర్లు. మూడు పొగగొట్టాలు, 305 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగు, 152 మిల్లీమీటర్లవి పదహారు. 1:350 ప్రమాణంలో ఇది 33 సెంటీమీటర్ల వస్తువు. అంటే బడిపిల్లవాడి కొలబద్దకన్న కొంచెం పొడవు.

ఆయుధాలను ముద్దుచేసే ఈ వినోదం మనకెందుకు అని కొందరు అనవచ్చు. తీరిక, డబ్బు వున్నవాడి ఆట అని కొట్టిపారేయవచ్చు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. వేలమందిని ముంచిన యంత్రాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ఎంత అందంగా వుంది అనడంలో ఇబ్బంది వుంది. జపాన్ యుద్ధనౌక 'యమాతో' 1945 ఏప్రిల్ 7న మునిగినప్పుడు దాదాపు మూడు వేలమంది నావికులు చనిపోయారు. ఈనాడు ప్రపంచంలో అతి ఎక్కువగా నమూనాలు తయారయ్యే నౌకల్లో అదొకటి. చావు సంఖ్య పెరిగినకొద్దీ పెట్టె మీద బొమ్మ మరింత రంగులు తేలడం సంతలో చూస్తున్నదే.

అయినా అక్కడితో తీర్పు చెప్పి లేచిపోవడం తొందరపాటు. ఈ పనిలో ఒక గుణం వుంది. దాన్ని గుర్తించకుండా విమర్శించడం న్యాయం కాదు. నమూనా చేసేవాడు తన ఇష్టానికి బద్ధుడు కాదు, వస్తువుకు బద్ధుడు. కిటికీ ఆరు అయితే ఆరే పెట్టాలి. ఏడు పెడితే అందంగా వుంటుందన్న ఊహకు అక్కడ విలువ లేదు. పాత నౌకానిర్మాణ పటాలు, మసకబారిన ఛాయాచిత్రాలు ముందు పెట్టుకుని, ఒక మెట్ల వరస ఏ వైపుకు తిరిగిందో తేల్చుకోవడానికి ఒక వారం గడుపుతాడు. అతడి శ్రమను ఎవరూ కొనడం లేదు, ఎవరూ తొందరపెట్టడం లేదు. కార్ఖానాలో అదే మనిషి తాను చేసే వస్తువు మొత్తాన్ని ఒక్కసారైనా చూడలేకపోవచ్చు. ఇక్కడ మాత్రం మొదటి ముక్క నుంచి చివరి తాడు దాకా పని అతడిది. శ్రమ తనదైనప్పుడు మనిషి ఎంత ఓర్పు చూపగలడో తెలుసుకోవాలంటే ఈ పనిబల్ల దగ్గర కాసేపు నిలబడవచ్చు. ఆ సంచి అతడికి అందకముందు, ఆ ద్రవాల ఘాటు పీలుస్తూ అచ్చుపోసిన మరొకరి శ్రమ కూడా అందులో వుందన్నది వేరే సంగతి. నమూనా కింద వేసే పేరుపలకలో ఆ మనిషికి చోటుండదు.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. ఇంత ఓర్పుతో, ఇంత నిజాయితీతో చేసిన 'పొటెమ్‌కిన్' నమూనా మనకు పొటెమ్‌కిన్‌ను గురించి ఏం చెబుతుంది?

ఆ నౌకను చరిత్రలో నిలిపింది దాని ఫిరంగులు కావు. కొత్త పంచాంగం ప్రకారం 1905 జూన్ 27న, నల్లసముద్రంలో, నావికులకు వండడానికి తెచ్చిన మాంసంలో పురుగులు కనిపించాయి. నౌకా వైద్యుడు స్మిర్నోవ్ ఆ మాంసాన్ని పరీక్షించి, కడిగి వండితే సరిపోతుందన్నాడు. నావికులు ఆ పులుసు ముట్టలేదు. మొండికేసినవారిని కాల్పిస్తామని అధికారులు బెదిరించారు. అప్పుడు తిరుగుబాటు లేచింది. నావికుల నాయకుల్లో ఒకడైన వకులెంచుక్ అధికారి తూటాకు బలయ్యాడు. నౌక నావికుల వశమైంది.

ఇప్పుడు మన 33 సెంటీమీటర్ల నౌకవైపు చూడండి. ఆ ప్రమాణంలో మనిషి అయిదు మిల్లీమీటర్లుంటాడు. చాలా నమూనాల్లో ఆ అయిదు మిల్లీమీటర్ల మనిషి వుండడు. మనుషుల బొమ్మలు పెడితే నౌక రూపురేఖలు చెడతాయని కొందరి అభిప్రాయం. పురుగు కనిపించదు గదా, ఏ ప్రమాణంలోనూ కనిపించదు గదా అని సమర్థించుకోవచ్చు. నిజమే, పురుగు కనిపించదు. కాని ఆ మాంసం నౌక పైతట్టు మీదే వేలాడదీసి వుంది. వెంట్రుకవాసి కటకటాన్ని నిలబెట్టగలిగిన చేతికి వేలాడే మాంసపు ముక్కను చెయ్యడం అసాధ్యం కాదు. ప్రమాణం అడ్డురాలేదు. ఏది వివరమో, ఏది వివరం కాదో ముందే నిర్ణయమైపోయింది. ఇనుము వివరం. ఆకలి వివరం కాదు.

సహజవాదం మీద మనకున్న అభ్యంతరం ఇక్కడ కంటికి కనిపించే రూపంలో వుంది. ప్రతి వివరమూ సరిగానే వుంటుంది. ఏ వివరాలు లెక్కలోకి రావాలన్న ఎంపిక మాత్రం ఎవరూ ప్రశ్నించకుండా జరిగిపోతుంది. అధికారి గది కిటికీలు లెక్కకు వస్తాయి. నావికుడి పళ్ళెం రాదు. అబద్ధం ఒక్కటీ చెప్పకుండా నిజాన్ని దాటవేయడం ఇలాగే సాధ్యమవుతుంది.

అయితే ఈ పనిలోనే దీనికి విరుగుడు కూడా వుంది. నమూనా చేసేవాడు ఒక తేదీని ఎంచుకోక తప్పదు. నౌకలు కాలంతో మారతాయి. రంగులు మారుస్తారు, స్తంభాలు తీస్తారు, పేర్లు కూడా మారుస్తారు. తిరుగుబాటు జ్ఞాపకాన్ని చెరిపెయ్యాలని జారు ప్రభుత్వం 1905లోనే ఈ నౌకకు 'పంతెలెయ్‌మొన్' అని కొత్త పేరు పెట్టింది. 1917లో జారు పడిపోయాక పాత పేరు తిరిగి వచ్చింది. కొద్ది వారాల్లోనే 'స్వాతంత్ర్య యోధుడు' అన్న అర్థమిచ్చే పేరు పెట్టారు. 1919లో సెవస్తోపోల్ వదిలిపోతూ బ్రిటిష్ సైన్యం దాని యంత్రాలను పగలగొట్టింది. తర్వాత తుక్కుకింద విరిచేశారు. సంచిలో వచ్చే రెజిన్ ముద్ద మాత్రం ఒకటే. దాని మీద ఏ పేరు రాయాలి? వెనక స్తంభానికి తెల్లగుడ్డ మీద నీలి అడ్డగీతల జారు నౌకాదళ పతాకం కట్టాలా, ఎర్రజెండా కట్టాలా? అర సెంటీమీటరు కాగితం అది. కాని ఆ కాగితం కట్టే క్షణంలో అతడు పక్షం వహించక తప్పదు. ఏ జెండా కట్టకపోవడం కూడా ఒక పక్షమే.

ఇదే నౌకకు మరొక నమూనా వుంది. అది చలనచిత్రంలో వుంది. 1925లో ఐసెన్‌స్టైన్ చిత్రం తీసేనాటికి పొటెమ్‌కిన్ లేదు. 'పన్నెండుమంది అపొస్తలులు' అనే పాత నౌక పైన చెక్కపలకలతో పొటెమ్‌కిన్ పైభాగాన్ని కట్టించాడు. అంటే మనం తెరమీద చూసేది కూడా నమూనాయే, నిలువెత్తు నమూనా. ఆ చిత్రంలో కాల్చిచంపబోయే నావికుల మీద ఒక పెద్ద కాన్వాసు గుడ్డ కప్పుతారు. నౌకాదళం తెలిసిన సలహాదారు దీనికి అభ్యంతరం చెప్పాడు. అలాంటి గుడ్డను మనుషుల మీద కప్పరు, నెత్తురు మరకలు కాకుండా కింద పరుస్తారన్నాడు. ఐసెన్‌స్టైన్ వినలేదు. వివరం తప్పని తెలిసే వుంచాడు. ముఖాలు కనిపించకుండా కప్పేసి మనుషుల్ని చంపే వ్యవస్థకు అంతకంటె సరైన బొమ్మ లేదని అతడికి తెలుసు. తుపాకులు పట్టిన సాటి నావికులు ఎవరిని కాలుస్తున్నారో చూడకూడదు. అందుకే గుడ్డ. ఆ చిత్రంలో ఎర్రజెండా కూడా చేత్తో రంగువేసిందే. నలుపు తెలుపుల ఫిల్ముమీద ఎరుపు రాదు గనక, ఒక్కొక్క చట్రంలో ఆ జెండాకు కుంచెతో రంగు పూశారు. నమూనా చేసేవాడి ఓర్పే అది. దాన్ని ఎక్కడ వాడాలో తెలిసిన ఓర్పు.

ఇక్కడ మనం చప్పట్లు కొట్టి ముగించవచ్చు. వివరం ముఖ్యం కాదు, సత్యమే ముఖ్యం అని తీర్మానించవచ్చు. మన వ్యాసాలు చాలావాటికి అదే ముగింపు. నాకు మాత్రం అది ప్రమాదకరంగా కనిపిస్తుంది.

చిత్రం ఎక్కడ ఆగింది? మిగతా నౌకలు కాల్పులు జరపకుండా పొటెమ్‌కిన్‌కు దారి ఇచ్చిన ఘట్టం దగ్గర ఆగింది. అది నిజంగా జరిగిందే. చరిత్ర మాత్రం అక్కడ ఆగలేదు. నౌకకు బొగ్గు దొరకలేదు, మంచినీళ్ళు దొరకలేదు. 1905 జూలై 8న రుమేనియా రేవు కొన్‌స్తాంత్సాలో నావికులు నౌకను అప్పగించి విడిపోయారు. వారి నాయకుడు మత్యుషెంకో 1907లో స్వదేశానికి తిరిగి వచ్చి పట్టుబడ్డాడు. అతణ్ణి ఉరితీశారు. ఈ ముగింపు తెలియని విద్యార్థికి తిరుగుబాటు పాట తెలుస్తుంది. తిరుగుబాటు ఒంటరి అయితే ఏమవుతుందో తెలియదు. బొగ్గు వివరం. మంచినీళ్ళు వివరం. అవి లేక ఒక పోరాటం ఓడింది. పెద్ద సత్యం కోసమని చిన్న నిజాలను వదిలేసే అలవాటు చేసుకున్నవాడు, ఒకనాడు ఉరికంబాన్ని కూడా చిన్న వివరమే అనగలడు. అలాంటి రోజులు మన ఉద్యమాల చరిత్రలోనూ లేకపోలేదు. మెట్లు ఏ వైపు తిరిగాయో తేల్చుకోవడానికి వారం గడిపే మనిషి దగ్గర ఆ విషయంలో మనం నేర్చుకోవలసింది వుంది.

ఈ నౌక కథ మనకు దూరం కాదు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో రాయల్ ఇండియన్ నేవీ నావికులు సమ్మె కట్టినప్పుడు కూడా ఫిర్యాదుల్లో ముందున్నది తిండే. తిండితో మొదలై, జాతి అవమానం మీదుగా, అది స్వాతంత్ర్యం దాకా వెళ్ళింది. యూనియన్ జాక్‌ను దించి కాంగ్రెసు, ముస్లింలీగు, కమ్యూనిస్టు జెండాలను కలిపి ఎగరేశారు. కరాచీలో 'హిందుస్తాన్' నౌక బ్రిటిష్ సైన్యంతో కాల్పులకు దిగింది. నాయకుల మాటమీద నావికులు 23న లొంగిపోయారు. ఆ సమ్మె మొదలైన 'తల్వార్' అసలు నౌకే కాదు. పేరుకు నౌక, నిజానికి ఒడ్డున వున్న సంకేతాల శిక్షణాలయం. ఇనుమును మాత్రమే నమూనా తీసేవాడికి అక్కడ తీయడానికేమీ వుండదు. బారకాసులు, భోజనశాల, పళ్ళెం తోసేసిన మనుషులు మాత్రమే వుంటారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు రెండు భాగాలుగా చెప్పాలి. వున్నదున్నట్టు చూపినంత మాత్రాన నిజం చెప్పినట్టు కాదు. వున్నదున్నట్టు చూడలేనివాడికి నిజం చెప్పే అర్హత కూడా రాదు. వస్తువుపట్ల నిజాయితీ మొదటి మెట్టు. ఆ వస్తువును ఎవరు కట్టారు, ఎవరు మోశారు, అందులో ఎవరు ఏం తిన్నారు అని అడగడం రెండవ మెట్టు. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినవాడు అద్దాల పెట్టె తయారుచేస్తాడు. మొదటి మెట్టు ఎక్కకుండా రెండవదాని మీదికి దూకినవాడు ఉపన్యాసం తయారుచేస్తాడు. నమూనా చేసే మిత్రుడిని ఆయుధప్రియుడని దూరం పెట్టకుండా అతడితో చెప్పవలసిన మాట ఒకటే: నీ కటకటాలు సరిగా వున్నాయి, ఇక వాటి వెనక మనుషుల్ని నిలబెట్టు. మనలో మనం చెప్పుకోవలసిన మాట వేరు. మనుషుల్ని నిలబెట్టడంలో మనకు ఉత్సాహం వుంది. వారి కాళ్ళకింద పలకలు ఎన్నో లెక్కపెట్టే ఓర్పు ఇంకా రావాలి.