గురువు పట్ల గౌరవమా? మార్కుల కోసం ముఖస్తుతా?

మద్రసాలో చదివే పిల్లవాడికి ఉస్తాద్ ఎదుట ఎలా మసలుకోవాలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. కాని కాలేజీకి వెళ్ళే మన పిల్లల మనసుల్లో ఒక సందేహం మెదులుతూ ఉంటుంది. "లెక్చరర్ జీతం తీసుకుని పాఠం చెబుతున్నారు, మేము ఫీజు కట్టి వింటున్నాము. ఇందులో అదబ్ ప్రసక్తి ఎక్కడిది?" అని కొందరంటారు. మరికొందరు, ఇంటర్నల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి గనుక ఎలాగైనా ఆయన్ని మెప్పించాలంటారు. మొదటివారు గురువును కూలివాడిగా చూస్తున్నారు. రెండోవారు నిచ్చెనగా చూస్తున్నారు. మరి ఈ విషయంలో ధర్మం ఏమంటోంది?

విద్యకు ఉన్న విలువ

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624)లో బద్ర్ యుద్ధం జరిగింది. బందీలుగా చిక్కిన ఖురైషీయుల్లో పరిహారం చెల్లించలేనివారు, చదవను రాయను వచ్చినవారు కొందరున్నారు. వారు మదీనా పిల్లలకు చదువు నేర్పితే చాలు, అదే వారి విడుదలకు మూల్యమని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నిర్ణయించారు. వారు ముస్లిములు కారు. పైగా నిన్నటిదాకా కత్తి పట్టిన శత్రువులు. అయినా వారు నేర్పిన అక్షరం ఒక మనిషి స్వేచ్ఛకు సమానమైన వెల పలికింది. అలాంటప్పుడు మనకు ఫిజిక్సో, కామర్సో నేర్పే ఉపాధ్యాయుడు వేరే మతస్థుడనో, జీతగాడనో చులకన చేయడం ఎంతవరకు న్యాయం? ఫీజు ఆయన సమయానికి బదులు కావచ్చు. ఆయన చెప్పగా మన బుద్ధిలో వెలిగిన దానికి మాత్రం కృతజ్ఞతే బదులు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) స్వయానా దైవప్రవక్త (స) పినతండ్రి కుమారులు. అయినా ఒక హదీసు తెలుసుకోవడానికి అన్సారీ సహాబీల ఇళ్ళకు వెళ్ళేవారు. ఆ సమయంలో వారు విశ్రాంతిలో ఉంటే తలుపు తట్టకుండా, గాలికి దుమ్ము మీద పడుతున్నా గుమ్మం దగ్గరే వేచి ఉండేవారు. నేటి విద్యార్థికి ఇందులో పాఠముంది. సందేహం ఉంటే ముందుగా చదువుకుని, ప్రొఫెసర్ తీరిక చూసుకుని, అనుమతి అడిగి వెళ్ళాలి. అర్ధరాత్రి ఫోనులో మెసేజీలు పంపి జవాబు రాలేదని నొచ్చుకోవడం అదబ్ కాదు.

ముఖస్తుతిని ఎలా గుర్తించాలి?

గౌరవానికీ ముఖస్తుతికీ పైకి ఒకే రూపం. తేడా సంకల్పంలో ఉంది. దాన్ని పరీక్షించుకోవడం కష్టమేమీ కాదు. ఫలితాలు వచ్చేశాక, ఇక ఆయనతో పని లేదని తెలిశాక కూడా ఎదురుపడితే అదే ఆదరంతో పలకరిస్తారా? అయితే అది గౌరవం. ముఖం తిప్పుకుంటారా? అయితే ఇన్నాళ్ళూ చేసింది బేరం.

జకాతు వసూలుకు వెళ్ళివచ్చిన ఒక వ్యక్తి, 'ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది' అన్నప్పుడు దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదేనా అని నిలదీశారు. ఇంటర్నల్ మార్కులు వేసే ముందు లెక్చరర్‌కు ఇచ్చే బహుమతిని కూడా ఇదే తూకంలో వేసి చూడండి. మార్కు అంటే ఈ విద్యార్థికి ఇంత వచ్చని ఉపాధ్యాయుడు ఇచ్చే సాక్ష్యం. రానిది వచ్చినట్లు వేయమని అడగడం అబద్ధపు సాక్ష్యం అడగడమే. దానివల్ల రాత్రింబవళ్ళు చదివిన తోటి విద్యార్థి హక్కు పోతుంది. ఇది మానవుల హక్కుకు సంబంధించిన విషయం. ఆ విద్యార్థి క్షమించనిదే ఈ లెక్క తీరదు.

గౌరవమంటే మౌనం కాదు

గురువు చెప్పింది తప్పనిపిస్తే? ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్), ఇమామ్ ముహమ్మద్ (రహ్) తమ గురువు ఇమామ్ అబూ హనీఫా (రహ్)తో ఎన్నో మసాయిల్‌లో విభేదించారు. అయినా శిష్యులుగానే మిగిలారు. కనుక ఆధారంతో, మెత్తని స్వరంతో, వీలైతే ఏకాంతంలో కాక నలుగురు వచ్చిపోయే చోటనే, కాని అవమానం కలగకుండా అడగండి. ముఖ్యంగా అబ్బాయిలు మేడమ్‌లతో, అమ్మాయిలు సార్లతో మాట్లాడేటప్పుడు ఈ హద్దు మరువరాదు.

జుమా నమాజ్ సంగతి కూడా అంతే. క్లాసు నుండి దొంగచాటుగా జారుకుని, స్నేహితుడితో హాజరు పలికించుకుంటే ఒక విధిని అబద్ధంతో కలిపినట్లవుతుంది. సెమిస్టర్ మొదట్లోనే వెళ్ళి విషయం చెప్పండి. పోయిన పాఠం నేర్చుకుంటామని మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఆ నిజాయితీయే మీ ధర్మానికి మంచి పరిచయం.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఇంట్లో పిల్లల ముందు ఉపాధ్యాయులను ఎగతాళి చేయకండి. ఇమామ్ అబూ హనీఫా (రహ్) కూఫాలో తమ గురువు హమ్మాద్ (రహ్) వద్ద సుమారు 18 ఏళ్ళు చదివారు. హిజ్రీ 120లో గురువు కన్నుమూసిన తర్వాత కూడా తమ తల్లిదండ్రులతోపాటు ఆయన కోసం దుఆ చేస్తూ ఉండేవారని చరిత్రకారులు రాశారు. ఇక ఆ గురువు వేయగల మార్కులేవీ మిగిలి లేవు, అనుబంధం మాత్రం మిగిలింది.

మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, దాన్ని నేర్పినవారి పట్ల నిష్కల్మషమైన గౌరవాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.