కొన్న జ్ఞాపకం మనదవుతుందా?

మన మిత్రుడొకరు ఈ మధ్య ఒక స్మారక కారు కొనబోతూ, కొనాలా వద్దా అని మమ్మల్ని అడిగారు. కంపెనీ వార్షికోత్సవానికని కొన్ని వందలు మాత్రమే తయారుచేసి, ఒక్కొక్కదానికి వరుస నంబరు చెక్కిన రేకు బిగించి అమ్ముతున్నారట. "బయటికి తియ్యను, పిల్లల కోసం దాస్తాను" అన్నారాయన. డబ్బు ఆయనది, కాదనటానికి మనమెవరం? కాని పుట్టిన ఊరు వదిలి ఐర్లండులో కాపురం పెట్టిన మనం పిల్లల కోసం ఏం దాచాలన్నది అందరి ప్రశ్నా.

ముందు లాభం సంగతి చూద్దాం. ఉదాహరణ ఈ ద్వీపంలోనే ఉంది. బెల్‌ఫాస్ట్ పక్కన డన్‌మరీలో 1981, 1982 సంవత్సరాల్లో స్టెయిన్‌లెస్ స్టీలు ఒంటితో సుమారు 9,000 డిలోరియన్ కార్లు తయారయ్యాయి. వాటిలోనే బంగారు పూత పూసినవి 100 మాత్రం ప్రత్యేకంగా ఇస్తామని, ఒక్కొక్కటి 85,000 డాలర్లని, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డు ఉన్నవారికి ప్రకటించారు. కొన్నవారు ఇద్దరే! 1982లో ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత 1985లో 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమా వచ్చి, ఆ కారు పేరు ఇంటింటికీ తెలిసింది. జనం మనసులో నిలిచింది బంగారు కారు కాదు, స్టీలు కారు.

ఆ బంగారు కార్లు ఇప్పుడు అపురూపమే కదా అనవచ్చు. నిజమే. కాని అది కంపెనీ తలపెట్టిన అపురూపం కాదు, ఎవరూ కొనకపోవటం వల్ల వచ్చింది. అమ్మేనాడే 'అరుదైనది' అని చాటిన వస్తువుని కొన్నవాళ్ళందరూ పదిలంగా దాస్తారు. అందరూ దాచింది అరుదెలా అవుతుంది? ఐర్లండు ప్రభుత్వం కూడా 30 ఏళ్ళు నిండిన కారుకి ఏడాదికి 56 యూరోల రోడ్డు పన్నుతో సరిపెడుతుంది. అది వయసుకి ఇచ్చే మర్యాదే గాని నంబరు రేకుకి కాదు.

ఇక దాచటం సంగతి. కదపని కారులో పెట్రోలు చెడుతుంది, రబ్బరు ఎండుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. కదలని కీలు బిగుసుకుపోతుందని రోజూ రోగులకు చెప్పే మనకు ఇది వేరే చెప్పాలా? దసరాకి మన పెద్దలు బండికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మర్నాడు మళ్ళీ పనిలోకి తీసుకుపోయేవారు. పనిచేసే వస్తువుకే ఆ పూజ.

అయితే స్మారకాలే వద్దా? కార్క్ కౌంటీలో బాలినస్కార్తీ అనే పల్లెలో, రోడ్డు పక్కన, లోహంతో చేసిన మోడల్ టి కారు ప్రతిమ ఉంది. ఆ ప్రాంతంలో పుట్టి 1847లో అమెరికాకి వలసపోయిన విలియం ఫోర్డ్ కొడుకే హెన్రీ ఫోర్డ్. ఆయన కార్క్‌లో 1917లో స్థాపించిన ఫ్యాక్టరీ 1984లో మూతపడింది. ప్రతిమ మాత్రం ఉంది. అది నడవదు, ఎవరికీ సొంతం కాదు. కాని వలసపోయిన ఒక ఇంటి కథని దారినపోయే ప్రతివాడికీ చెబుతుంది. స్మారకం చెయ్యవలసిన పని అదే. తాళం వేసిన గ్యారేజీలో ఆ పని జరగదు.

అందుకే మిత్రుడికి మేం ఇలా చెప్పాం. పెట్టుబడి అనుకుంటే వద్దు. ఇష్టమైతే కొనుక్కోండి, కాని ఆదివారాలు పిల్లల్ని ఎక్కించుకుని తిప్పండి, గీతలు పడితే పడనివ్వండి. వాళ్ళకు మిగిలేది ఆ తిరుగుళ్ళే.

ఆ మాట చెప్పి ఇంటికి వచ్చాక మరొకటి తోచింది. ఈ దేశం వచ్చిన కొత్తలో మనలో చాలామందిమి ఎవరో వాడి వదిలేసిన కారు కొన్నాం. ప్రసూతి ఆస్పత్రి నుంచి బిడ్డని ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. దానికి నంబరు రేకూ లేదు, వార్షికోత్సవమూ లేదు. అమ్మేసిన రోజున ఒక్క ఫోటో అయినా తీసుకున్నామా?