తిరిగి వచ్చుట అనగా నేమి?

మన పల్లెలలో కొబ్బరికాయలు దింపువాడు చెట్టుమీదనుండి పడినప్పుడు, మొదటి దినములలో అందరమును వాని యింటికి పోవుదుము. ప్రాణము దక్కెనని విని సంతోషింతుము. నెలలు గడచిన తరువాత మన ప్రశ్న మారును. "మరల చెట్టెక్కుచున్నాడా?" అని అడుగుదుము. ఎక్కుచున్నాడనిన, "అయితే బాగుపడినట్లే" అందుము. ఎక్కలేడనిన, "అయ్యో పాపము" అని మన దారిని మనము పోవుదుము. ఆ ఒక్క మాటతో వాని కథ ముగిసెనని తలంతుము.

ఇది న్యాయమేనా? తిరిగి వచ్చుట అనగా మునుపటి పనికి తిరిగి వచ్చుట మాత్రమేనా? ఈ ప్రశ్నను ఈ నెల చదువరుల యెదుట ఉంచుటకు దూరదేశపు పందెగాని కథ యొకటి మాకు తోడ్పడుచున్నది. ఆ ఆట మన ప్రాంతములలో లేదు. గనుక ముందుగా దానిని గూర్చి కొంచెము చెప్పవలెను.

స్పీడ్‌వే అనునది మోటారు సైకిళ్ల పందెము. నలుగురు మనుష్యులు కోలగానుండు మట్టిబాటమీద ఎడమవైపునకు తిరుగుచు నాలుగు చుట్లు పరుగెత్తుదురు. అంతయు ఇంచుమించు ఒక్క నిమిషములో ముగియును. బండికి గేరు ఒక్కటే; బ్రేకు అసలే లేదు. 500 సీసీల ఇంజను మిథనాలుతో నడచును. మలుపు వచ్చినప్పుడు వెనుక చక్రమును కావలెననియే ప్రక్కకు జార్చి, ఇనుప తొడుగు వేసిన ఎడమకాలి బూటును నేలకు ఆనించి, ఆ జారుటలోనే బండిని త్రిప్పవలెను. మొదట వచ్చినవానికి 3 పాయింట్లు, తరువాతివారికి 2, 1. కడపటివానికి ఏమియు లేదు. ఇంగ్లాండులో ఈ ఆట 1928లో వ్యాపించెను. 1936లో లండనులోని వెంబ్లీ మైదానమున మొదటి ప్రపంచ పోటీ జరిగెను.

ఎరిక్ గుండర్సెన్ డెన్మార్కు దేశపు ఎస్బియర్గు పట్టణమున 1959లో పుట్టెను. ఇరువది యేండ్లు నిండకమునుపే, 1979లో, ఇంగ్లాండునకు వచ్చి క్రాడ్లీ హీత్ అను ఊరి జట్టులో చేరెను. ఆ ఊరు ఇనుప గొలుసులు చేయుటకు పేరుపొందినది. కొలిమియొద్ద చెమటోడ్చిన కుటుంబముల వారు పని ముగించుకొని డడ్లీ వుడ్ మైదానమునకు పోయి కంచెవెంబడి నిలిచెడివారు. బండ్లు పోవునప్పుడు ఎగురు మట్టి వారి ముఖములమీద పడెడిది. ఇంగ్లాండులో నున్నంతకాలము గుండర్సెన్ మరియొక జట్టునకు పోలేదు. అందుచేత పరదేశియైన ఆ చిన్నవాడు వారికి ఇంటిబిడ్డ ఆయెను. అడ్డుగా కట్టిన టేపు పైకి లేచిన క్షణముననే అందరికంటె ముందు దూకుట అతని నేర్పు. అతనిని చూచినవారు నేటికిని దానినే మొదట తలంచుకొందురు.

అతడు మూడు మారులు ప్రపంచ విజేత ఆయెను. మొదటిది 1984లో స్వీడనులోని గోతెన్‌బర్గునందు. రెండవది 1985లో ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డునందు. అక్కడ అతడును, స్వదేశీయుడైన హాన్స్ నీల్సెనును, అమెరికావాడైన సామ్ ఎర్మొలెంకోయు సమానముగా 13 పాయింట్లు పొందగా, ముగ్గురి నడుమ మరల పందెము పెట్టిరి. దానిలో అతడు గెలిచెను. మూడవది 1988లో తన దేశములోనే, వోయన్స్‌నందు, నీల్సెనుతో సరిసమానమై, మరల పరుగెత్తి గెలిచినది. 1983 మొదలు 1988 వరకు దేశముల జట్ల పోటీలో డెన్మార్కు వరుసగా ఆరు మారులు గెలిచెను.

1989 సెప్టెంబరు 17న ఆ జట్ల పోటీ బ్రాడ్‌ఫర్డులోని ఓడ్సల్ మైదానమున జరిగెను. నాలుగు సంవత్సరముల క్రిందట అతడు కిరీటము పొందిన బాట అదియే. ఆ దినపు మొదటి పందెములో, మొదటి మలుపులోనే, బండ్లు ఒకదానితో ఒకటి తగిలి గుండర్సెన్ పడిపోయెను. మైదానములోని వైద్యులు అతని ప్రాణము నిలుపుటకు అక్కడనే పాటుపడవలసి వచ్చెను. అనేక దినములు అతడు స్పృహలేక యుండెను. అప్పటికి అతనికి ముప్పది యేండ్లు నిండుటకు ఇంకను మూడు వారములుండెను.

ఆ దినములలో క్రాడ్లీ హీత్ జనులు ఏమి కోరిరో ఆలోచింపుడి. వారము క్రిందట వారు కోరినది మరియొక గెలుపు. ఇప్పుడు కోరినది అతడు ఊపిరి పీల్చుటయే. తరువాత, కన్ను తెరచుట. ఆ తరువాత, చేయి కదలుట. ఒక నిమిషములో నాలుగు చుట్లు తిరిగిన మనిషి మంచముప్రక్క నిలువబడుటయే పెద్ద వార్త ఆయెను. ఒక్క దినములోనే వారి కొలతబద్ద మారిపోయెను. అతడు మరల నడచుట నేర్చుకొనెను. అయితే పందెమునకు మరల రాలేదు. కొంతకాలమునకు డెన్మార్కు జట్టును నడిపించువాడై, బాట ప్రక్కన నిలిచి, తనకంటె చిన్నవారికి దారి చూపెను.

ఇతడు తిరిగి వచ్చెనా, రాలేదా? పాయింట్ల పుస్తకమును అడిగితే, రాలేదని చెప్పును. 1989 తరువాత దానిలో అతని పేరు లేదు. అతని యింటివారిని అడిగితే వేరు మాట చెప్పుదురు. రెండును నిజమే. ఏది పెద్ద నిజమో నిర్ణయించుకొనవలసినది చూచువారమైన మనమే.

ఇక్కడ ఒకరు ఇట్లు అడుగవచ్చును: "అయితే గాయము తరువాత మరల పందెమునకు వచ్చినవారి ధైర్యమును మీరు తక్కువ చేయుచున్నారా?" లేదు. ఆస్ట్రేలియావాడైన జేసన్ డాయిల్ 2016లో ప్రపంచ పోటీలో అందరికంటె ముందుండగా, అక్టోబరు 1న పోలెండులోని తోరున్య్ పట్టణమున పడి తీవ్రముగా గాయపడెను. ఇంక ఒక్క పోటీ మాత్రమే మిగిలియుండెను. దానికి అతడు పోలేకపోయెను. చేతికందిన కిరీటము మరియొకరికి పోయెను. మరుసటి యేడు అతడు మరల వచ్చెను. ఆ యేటి నడుమ పాదపు ఎముక విరిగినను పోటీని విడువలేదు. 2017 అక్టోబరులో, తన దేశములోనే, మెల్‌బోర్న్ పట్టణమున ప్రపంచ విజేత ఆయెను. అట్టి కథ విని సంతోషింపనివాడు ఎవడు? మేమును సంతోషించితిమి.

అయితే ఆ సంతోషములో ఒక అపాయము దాగియున్నది. డాయిల్ వంటివాని కథనే మరల మరల చెప్పినయెడల, తిరిగి రాలేనివాడు ధైర్యము చాలనివాడని వినువారికి తోచును. ఎముక అతుకుకొనుట ధైర్యముచేత కాదు. తెగిన నరము పట్టుదలచేత అతుకదు. ఒకని ఎముక అతుకుకొనెను. మరియొకని వెన్ను అతుకలేదు. మనము మొదటివానికి చప్పట్లు కొట్టి, రెండవవానికి "పాపము" అని ఊరకుండినయెడల, మనము మెచ్చుకొన్నది ధైర్యమును కాదు, అదృష్టమును.

మరియొక కఠినమైన మాటయు చెప్పవలెను. "మరల వచ్చునా?" అని చూచువారు అడుగునప్పుడు, ఆ ప్రశ్న వాని క్షేమము కొరకా, తమ వినోదము కొరకా? బ్రేకు లేని బండిమీద ఒకడు తన ప్రాణమును పణముపెట్టినప్పుడు మనకు ఒక నిమిషపు ఆనందము కలిగెను. "తానే కోరుకొనెను గదా, మన బాధ్యత యేమి?" అని కొందరందురు. నిజమే, కోరుకొనెను, ఆ పందెమును ప్రేమించెను. అయినను టిక్కెట్టు కొన్నది మనమే. ఇంకను వేగముగా పొమ్మని కేకలు వేసినది మనమే. ఇతరుని అపాయమునుండి సంతోషము పొందుట తప్పని మేము చెప్పము. అయితే అది ఊరకనే దొరికిన సంతోషము కాదు. అది ఒక రుణము. అతడు పరుగెత్తుచున్నంతకాలము చప్పట్లతో ఆ రుణము తీరుచున్నట్లు కనబడును. అతడు పడిన దినముననే అసలు లెక్క మొదలగును.

ఈ రుణమును ఎరిగిన జనులు కొందరున్నారు. బ్రిటనులో గాయపడిన స్పీడ్‌వే పందెగాండ్ర కొరకును వారి కుటుంబముల కొరకును ఒక సహాయనిధి కలదు. మైదానములలో బకెట్లు పట్టుకొని తిరుగగా, చూడవచ్చినవారు చిల్లర వేయుదురు. మరియొకటి చూడుడి. స్వీడనువాడైన పేర్ యోన్సన్ 1990లో ప్రపంచ విజేత. పోలెండులోని తోరున్య్ జట్టు పక్షమున పందెమాడుచు 1994లో పడి, నడక కోల్పోయి, చక్రాల కుర్చీకి పరిమితుడాయెను. ఆ జట్టునకు ఇక అతనివలన ఒక్క పాయింటును రాదు. అయినను 2009లో ఆ పట్టణమున క్రొత్త మైదానము తెరచినప్పుడు, దాని ప్రక్కనున్న వీధికి అతని పేరే పెట్టిరి. బ్రదికియున్న మనిషికి, పరదేశికి, ఇక గెలువలేనివానికి! నేడు పందెము చూడబోవు ప్రతివాడును ఆ పేరుగల వీధిలోనికి రావలసినదే.

క్రాడ్లీ హీత్ జనులకు ఆ పాటి గురుతును మిగులలేదు. 1995తో డడ్లీ వుడ్‌లో పందెములు ఆగిపోయెను. పిమ్మట ఆ నేలమీద ఇండ్లు కట్టిరి. వారికి మిగిలినది జ్ఞాపకమొక్కటే. టేపు లేచుట, ముఖముమీద పడిన మట్టి, ఆ ఒక్క నిమిషము, ఆ తరువాత భయముతో వార్తకొరకు కనిపెట్టిన దినములు. వారు గెలుపులను మాత్రమే జ్ఞాపకముంచుకొని పతనమును మరచినయెడల, వారి జ్ఞాపకములో నున్నది ఒక బండి. రెండింటిని కలిపి ఉంచుకొనినయెడల, ఒక మనిషి.

ప్రియ చదువరులారా, గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయినవారి కథ మనమెరిగినదే. వారు వానిని కొట్టలేదు, దోచలేదు. ప్రక్కగా పోయిరి, అంతే. మన ఊరిలో ఆ దింపువాడు అరుగుమీద కూర్చుండి యున్నాడు. వాడు దింపిన కాయలతో మన యిండ్లలో ఎన్ని యేండ్లు కూర వండుకొంటిమో! ఈ వారము వానియొద్దకు పోయినప్పుడు "మరల చెట్టెక్కుదువా?" అని అడుగవద్దు. "నేడు ఎంతవరకు నడచితివి?" అని అడుగుడి. గుమ్మమువరకు నడచితినని వాడు చెప్పినయెడల, అది తిరిగి వచ్చుటయే యని యెంచి, వానితోకూడ సంతోషింపుడి. నడువలేదని చెప్పినయెడల, మీరే గుమ్మము దాటి లోపలికి పోయి, వాని ప్రక్కన కూర్చుండుడి.