పిట్టగోడయు, పేదవాని పైకప్పును

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో చిన్న ఆజ్ఞ యొకటి యున్నది. మిద్దె కట్టువాడు దానిచుట్టు పిట్టగోడయు కట్టవలెను. కట్టనందున ఎవడైన పడిపోయినయెడల ఆ నేరము ఇంటివానిదే. పిట్టగోడకు రాయి, సున్నము, కూలి కావలెను. ఆ ఖర్చు మిగుల్చుకొన్నవానికి ఇల్లు చవుకగా కుదిరినట్లే. ఆ చవుకకు వెల చెల్లించువాడు మాత్రము వేరొకడు.

పగిడ్యాల ప్రాంతమువారమైన మనకు మిద్దె యనగా ఏమో ఒకరు చెప్పనక్కరలేదు. రాతిగోడలు, దూలములు, పైన మందముగా చౌడుమన్ను. ఎండ 45 డిగ్రీలు దాటినను లోపల హాయిగా నుండెడిది. దానిని ఊరక పొగడుటయు న్యాయము కాదు. ఏటేట వానలకు ముందు చౌడు వేయవలెను. వేయించుకొనలేని విధవరాలి యిల్లు కారును, ముసురు పట్టినప్పుడు కూలును. గావున పేదవారు పక్కా యిల్లు కోరుట తప్పు కాదు. చిక్కు మరియొకచోట నున్నది. మందపు గోడ పోయి పలుచని గోడయు, దానిపైన సిమెంటు రేకులో స్లాబో వచ్చెను. పగలంతయు కాగిన ఆ కప్పు రాత్రియంతయు వేడిని క్రిందికి దింపును. పొలములో కూలి చేసి వచ్చినవారు నిద్రలేకయే మరునాడు మరల పొలమునకు పోవుదురు. బాలింతలు, ముసలివారు పగలుకూడ దానిక్రిందనే యుందురు.

2020 డిసెంబరు 25న ఆరంభమైన ప్రభుత్వ పథకమున మన రాష్ట్రపు గ్రామీణ పేదలకు ఒకటిన్నర సెంటు చొప్పున స్థలము, స్త్రీల పేర పట్టాలు ఇయ్యబడెను. పట్టా స్త్రీ పేర నుండుట మిక్కిలి మేలు. అయితే ఒకటిన్నర సెంటనగా సుమారు 72 చదరపు గజములే. ఇల్లు, మరుగుదొడ్డి, నీళ్లతొట్టి పోగా వేపచెట్టు ఎక్కడ నాటుదుము? ఒక్కరి స్థలములో పట్టని నీడను అందరును కలిసి వీధిలో పెంచుకొనవలెను. అందుకు వీధి వెడల్పుగా నుండవలెను. మెరక చోటు కావలెను. నల్లరేగడిలో లోతులేని పునాదిమీది గోడ బీటలిచ్చును. ఇవన్నియు అడుగవలసినది హద్దురాళ్లు నాటకమునుపే. ఊరి అంచున, పల్లములో, ఎవరికిని అక్కరలేని చోట పేదవాడను పెట్టుట మనవారికి తరతరములుగా తెలిసిన అన్యాయమే గదా.

డబ్బు లేదందురు. 1945లో కుష్ఠురోగుల వైద్యశాలలు కట్టుటకై మన దేశమునకు వచ్చిన లారీ బేకర్ అను క్వేకరు సమాజీకుడు ఇటుకలను అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ విడిచి గోడలు కట్టించెను. ఇటుకలలో సుమారు నాలుగవ వంతు మిగులును; ఆ ఖాళీ వేడిని ఆపును. ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టుటకు ధనముకంటె తలంపే ఎక్కువ కావలెను. కప్పుమీద తెల్లసున్నము పూయుట అన్నిటికంటె చవుక. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల కొరకు ఒక విధానమునే ప్రకటించెను.

జనులు మంచి యిండ్లలో నివసించుచు మందిరమును పాడుగా విడిచినందుకు హగ్గయి ప్రవక్త గద్దించెను. నేడు కొన్ని సంఘములలో సంగతి తలక్రిందులైనది. మందిరమునకు గ్రానైటు పరచి, పంకాలు బిగించి, ఆరాధన ముగియగానే వెనుక వరుసలోని ముసలమ్మ ఏ రేకుల క్రిందికి పోవునో మనము అడుగము. కోతపండుగ కానుకలు లెక్కించునప్పుడు సంఘపెద్దలు రెండు బస్తాల సున్నమును, ఒక నిచ్చెనను ఆ లెక్కలో చేర్చుదురా? యౌవనస్థులకు ఒక శనివారము చాలును. మార్చిలోగా పూసిన సున్నము మే నెలకు అక్కరకు వచ్చును.