కొండలోని ఇనుము, రక్తములోని ఇనుము

దంతెవాడ జిల్లాలోని బచేలి పట్టణము వెనుక నున్న కొండలు ఎద్దు మూపురమును బోలియుండుటచే వానికి బైలడిల్లా యని పేరు వచ్చినది. అందలి మేలిరకపు ఖనిజమున నూటికి 65 పాళ్లవఱకు ఇనుమే. 1968లో కిరండూలు గని, 1977లో బచేలి గని పని ప్రారంభించినవి. ఆ ఖనిజము అరకులోయ మీదుగా రైలుబండ్లలో విశాఖపట్నము చేరుచున్నది. అచ్చటి ఉక్కు కర్మాగారమునకు చాలవఱకు అదియే ఆధారము. మన యిండ్ల కప్పులలో ఎన్నింట ఆ కొండ దాగియున్నదో!

కొండ దిగువ పల్లెలలో వరి, కొసర, రాగి ప్రధానముగా వానమీదనే పండును. ఆ వాన యిపుడు క్రమము తప్పుచున్నది. 1950 మొదలు 2015 వఱకు గల లెక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, మధ్యభారతమున విస్తారముగా కురియు కుండపోతలు మూడింతలైనవని తేల్చిరి. ఒకనాటి కుండపోత నారును కొట్టుకొనిపోవును. పిమ్మటి బెట్ట పొట్టదశలోని పైరును తాలు చేయును. పెద్దవాడు ఒక యేడు అర్ధాకలితో గడిపి మఱుసటి యేడు కోలుకొనవచ్చును. శిశువునకు ఆ గడువు లేదు. గర్భవాసము మొదలు రెండేండ్లు నిండులోపల కొఱవడిన పోషణను తరువాతి తిండి పూర్తిగా తీర్చజాలదు. కలుషితమైన వాననీటి వలని విరేచనములు, దోమలు తెచ్చు మలేరియా, తిన్న కొంచెమును గూడ ఒంటికి పట్టనీయవు.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, దేశమున ఆరు మాసములు దాటిన ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదు. ఇదంతయు వాతావరణ మార్పు ఫలమనుట సత్యము కాదు. పేదఱికము, కడుపులోని పురుగులు, మలేరియా దీనికి చిరకాలపు కారణములు. కాని ఇనుమును కరగించుటకు బొగ్గు కాల్చవలెను. ఆ బొగ్గుపులుసు వాయువు గాలిలో పెరిగినకొలది వరి, గోధుమ గింజలలో ఇనుము, జింకు తగ్గునని 2014లో ప్రకటితమైన పరిశోధన తెల్పినది. కొండనుండి ఇనుము ఊరు విడిచిపోవును. అది కరగిన పొగ తిరిగివచ్చి మెతుకులోని ఇనుమును హరించును.

పొగ చేసినవా డొకడు, ఫలము ననుభవించునది వేఱొక శిశువు. చేసినది నశించుట, చేయనిది వచ్చిపడుట యను రెండు దోషములను మన దార్శనికులు కృతనాశము, అకృతాభ్యాగమము అనిరి. కర్మసిద్ధాంతము వానిని తొలగించుటకే యున్నదందురు. అట్లయిన ఈ శిశువు మాట యేమి? ‘పూర్వజన్మ ఫలము’ అను సమాధానము సిద్ధముగనే యున్నది. చెప్పువానికి అది మిక్కిలి సుఖమైన సమాధానము! కాని వైద్యుడు రోగి ప్రారబ్ధమును విచారించి మందు ఇచ్చునా? కర్మసిద్ధాంతము తన చేతలను తాను తరచి చూచుకొనుటకు ఏర్పడినది. పరుని ఆకలికి కారణము చెప్పి లేచిపోవుటకు కాదు. వర్షమునకును మానవకర్మకును సంబంధము కలదని గీత మూడవ అధ్యాయము చెప్పుచున్నది. ఆ కర్మ మన కప్పులోని ఉక్కుకడ్డీలోను ఉన్నది.

చేయదగిన పని దూరమున లేదు. కొసర, కోదో ధాన్యములు వరి కోరునంత నీరు కోరవు. 2021లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము చిరుధాన్యముల పథకమును ఆరంభించి, కోదో, కుట్కి, రాగులకు మద్దతు ధర నిర్ణయించినది. అయితే మంచి ధర వచ్చిన ధాన్యము బస్తాలకెక్కి పట్టణములకు తరలుట సహజము. అది ఆ పల్లెలలోని అంగన్‌వాడీ పొయ్యిమీదికి ముందుగా చేరవలెను.