చలికి వణికే కుక్క పట్ల మన బాధ్యత

"కుక్క అపవిత్రమైన జంతువు కదా! చలికాలంలో దానికి గోనెసంచి పరచి చోటు చూపడం ముస్లింలకు తగునా?" మన ఇళ్ళలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఒకటి తహారత్, అంటే పరిశుద్ధత. రెండోది రహ్మత్, అంటే కరుణ. వీటిని విడదీసి చూద్దాం.

కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగమని దైవప్రవక్త (స) ఆదేశించారు. వేటకు, మందకు, పొలం కాపలాకు తప్ప ఊరకే కుక్కను పెంచేవారి పుణ్యం రోజూ తరిగిపోతుందని హెచ్చరించారు. కుక్క ఉన్న ఇంట్లో దైవదూతలు ప్రవేశించరని కూడా తెలిపారు. ఈ ఆదేశాలన్నీ మనకు శిరోధార్యం. అయితే ఇవి పాత్రను ఎలా కడగాలో, కుక్కను ఎక్కడ ఉంచాలో నేర్పుతున్నాయి. అది చలికి చచ్చినా పట్టించుకోవద్దని వీటిలో ఎక్కడా లేదు. కుక్క ఇంటి బయట ఉండాల్సిందే. చలి ఉన్నదీ ఆ బయటే కదా!

ఇక కరుణ సంగతి చూడండి. దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం ఒక బాటసారి బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్ళు నింపి, నోట కరచుకుని పైకి తెచ్చి తాగించాడు. అల్లాహ్ అతని పాపాలు క్షమించాడు. జంతువుల విషయంలోనూ మాకు పుణ్యం ఉందా అని సహాబాలు అడిగితే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉందని దైవప్రవక్త (స) బోధించారు. పిల్లిని బంధించి తిండి పెట్టక చంపిన స్త్రీ నరకం పాలైన సంగతి కూడా మనం వింటూనే ఉంటాం.

మన హనఫీ ధర్మవేత్తలు ఈ బోధనను చట్టంలోకి తెచ్చారు. ప్రయాణంలో ఉన్న నీళ్ళతో వుజూ చేస్తే తన కుక్క దాహంతో అలమటిస్తుందనే భయం ఉంటే, నీళ్ళు దానికోసం ఉంచి తయమ్ముమ్ చేసుకోవచ్చని 'దుర్రె ముఖ్తార్'లో ఉంది. నమాజుకు కావలసిన నీళ్ళనే కుక్క కోసం అట్టిపెట్టవచ్చునంటే, పనికిరాని పాత సంచి ఏపాటిది?

జొన్నగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఇది ఊహకు సంబంధించిన విషయం కాదు. పైరు కోశాక చేలల్లో గొర్రెల మందలు రాత్రంతా ఉంటాయి. కాపరి కంబళి కప్పుకుని పడుకుంటే కుక్క మంచులో మేలుకుని తోడేళ్ళను కాస్తుంది. మన రైతులకు ఆ మంద ఎరువు అందుతుంది, మన వంటింటికి ఆ మాంసం వస్తుంది. సేవను అనుభవిస్తూ సేవకుణ్ణి చలికి వదిలేయడం న్యాయమేనా?

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. గాలి తగలని గోడ చాటున, నేలకు కాస్త ఎత్తుగా చెక్క వేసి పొడి గోనెసంచి పరచండి. తడిసిన సంచి చలిని ఇంకా పెంచుతుంది గనుక వెంటనే మార్చండి. పొద్దువాలాక కుక్కకు స్నానం చేయించకండి. దాని పాత్ర వేరుగా ఉంచి, రాత్రి తిండి కొంచెం ఎక్కువ పెట్టండి. చలికాలంలోనే పిల్లలు పెట్టిన వీధికుక్కలు కనిపిస్తుంటాయి. ఆ పిల్లలు ముందుగా చలికి బలవుతాయి. ఫజ్ర్‌కు వెళ్ళేటప్పుడు ఆటో, జీపు స్టార్ట్ చేసేముందు కింద ఒకసారి చూడండి. పెంచే కుక్కకు రేబిస్ టీకా తప్పక వేయించండి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు నీటిధార కింద కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కరుణ అంటే అజాగ్రత్త కాదు.

"మనుషులకే దుప్పట్లు లేవు, కుక్కలకా?" అని కొందరంటారు. దుప్పటి మనిషికే ఇవ్వండి. అది ముందు తీరవలసిన హక్కు. కానీ ఈ మాట అనేవారు ఆ మనిషికైనా దుప్పటి ఇచ్చారా అని తమను తాము ప్రశ్నించుకోవాలి. కుక్కకు కావలసింది దుప్పటి కాదు, చిరిగిన సంచే.

జొన్నగిరి దగ్గరి ఎర్రగుడి బండలపై క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటి అశోకుని శాసనాలున్నాయి. మనుషులతోపాటు పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించినట్లు అందులో ఉంది. ఒక రాజు రాతిపై చెక్కించిన ఆ దయ, సర్వలోకాలకు కారుణ్యమూర్తిగా వచ్చిన ప్రవక్త (స) అనుచరుల గుండెల్లో ఇంకెంత ఉండాలి!

గుహవాసుల గాథలో గుమ్మం వద్ద కాళ్ళు చాపి కూర్చున్న కుక్కను కూడా దివ్యఖుర్ఆన్ విస్మరించలేదు. మన గుమ్మం బయట వణికే ప్రాణిని మనమూ విస్మరించకుండా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.