మూడు వందల గ్రాములు

నిలువుకు పడుగు, అడ్డానికి పేక. భివండీలోని కనేరి గల్లీల్లో పగలనక రాత్రనక సాంచెలు పలికేది ఈ రెండు దారాల మాటే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో చేతిమగ్గం వదిలి భివండీ చేరిన పద్మశాలీ ఇళ్లలో తరాలుగా ఇదే చదువు, ఇదే కూడు. ఇక్కడ కూర్చుని అబ్దుల్ కలాంను తలచుకుంటే నా కళ్ల ముందుకు మొదట రాష్ట్రపతి భవన్ రాదు. అగ్ని క్షిపణి ముక్కు వస్తుంది.

వాతావరణం దాటి పైకి వెళ్లిన అగ్ని తిరిగి భూమి మీదికి దూసుకొచ్చేటప్పుడు దాని ముక్కు 2,500 డిగ్రీలు దాటే వేడిని తట్టుకోవాలి. ఇనుము అంతకంటే చాలా ముందే కరిగి నీరవుతుంది. ఆ వేడికి ఎదురు నిలిచినవి కార్బన్ పోగులు. వెంట్రుక కన్నా సన్నని పోగులను నిలువుకూ అడ్డానికీ పోనిచ్చి, అక్కడితో ఆగక మందంలోకి కూడా దించి అల్లారు. పోగుకూ పోగుకూ మధ్య సందులను మళ్లీ కార్బన్‌తోనే నింపి గట్టిపరిచారు. మూడు దిక్కుల నేత! నాడె పట్టిన చేతులు వింటే ఆగి నమస్కరించే పని అది.

ఆ పని వెనుక మన హైదరాబాద్ ఉంది. 1982లో కలాం అక్కడి రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడు పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే అయిదు క్షిపణుల పథకం మొదలైంది. 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పృథ్వి లేచింది. 1989 మే 22న ఒడిశా తీరాన చాందీపూర్ నుంచి అగ్ని లేచింది. అంతకుముందు రెండుసార్లు ప్రయోగం ఆగిపోయినా ఆయన బృందం చెక్కుచెదరలేదు. ఓటమిని మోయడం ఆయనకు శ్రీహరికోటే నేర్పింది. 1979 ఆగస్టు 10న ఆయన సారథ్యంలోని ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో కూలినప్పుడు విలేకరుల ముందు నిలబడి ఆ బరువు తన మీద వేసుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు ధావన్ పక్కకు తప్పుకుని, విలేకరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపారు. అలాంటి పెద్దాయన చేతి కింద పెరిగిన మనిషి కలాం.

అయినా నన్ను అన్నిటికన్నా కదిలించేది నిమ్స్ ఆసుపత్రి సంగతి. కలాం స్వయంగా ఎన్నో సభల్లో చెప్పారు. ఒక ఎముకల వైద్యుడు ఆయన ప్రయోగశాలకు వచ్చి, అగ్ని కోసం తయారైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలికా అని అబ్బురపడి, ఆయన్ను తనతో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చిన్న చిన్న పిల్లలు. ఒక్కొక్కటి మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు తగిలించుకుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో కలాం బృందం 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చింది. పిల్లలు పరుగెత్తారు. తల్లిదండ్రుల కళ్లు చెమర్చాయి. క్షిపణి కోసం సంపాదించిన తెలివి ఒక పసికాలి మీద నుంచి రెండున్నర కిలోలకు పైగా బరువు దించింది! అణు పరీక్షలు, భారతరత్న, ఏ బిరుదైనా సరే, నా తూకంలో ఆ 300 గ్రాములకు సరితూగదు. తర్వాత డాక్టర్ సోమరాజుతో కలిసి తక్కువ ఖర్చుతో గుండెకు స్టెంట్ చేయించిందీ ఆ మనసే.

2002 జులై 25న ఆయన రాష్ట్రపతి అయ్యారు. అంత పెద్ద భవనంలో అయిదేళ్లున్నా అది ఆయనకు అంటలేదు. 2006లో రామేశ్వరం నుంచి బంధువులు వచ్చి కొన్నాళ్లుంటే ఆ ఖర్చంతా లెక్కగట్టించి సొంత డబ్బు కట్టారని ఆయన కార్యదర్శి పి.ఎం. నాయర్ రాశారు. పదవి దిగాక మళ్లీ పిల్లల దగ్గరికే వెళ్లారు. 2015 జులై 27న షిల్లాంగ్‌లో విద్యార్థుల ఎదుట మాట్లాడుతూనే ఒరిగిపోయారు. ఎనభై మూడేళ్ల వయసులో కూడా పాఠం చెప్పడానికి అంత దూరం ప్రయాణం చేసిన మనిషి!

ఆయన పుట్టినరోజు అక్టోబర్ 15. మహారాష్ట్రలో ఆ రోజును 'వాచన్ ప్రేరణా దిన్' పేరుతో చదువుల పండుగ చేశారు. మరాఠీ బడికి వెళ్లే మా పిల్లలకు ఆయన ఆత్మకథ 'అగ్నిపంఖ్'గా దొరుకుతుంది. ఇంట్లో పెద్దల కోసం చినవీరభద్రుడు తెనిగించిన 'ఒక విజేత ఆత్మకథ' ఉంది. పుస్తకం పట్టిన ప్రతి బిడ్డా అందులో ఒక్క చోట కాసేపు నిలవాలని నా కోరిక. కలాంకు మద్రాసు ఎంఐటీలో సీటొచ్చింది, కట్టడానికి వెయ్యి రూపాయలు లేవు. పడవల మీద బతికే తండ్రి దగ్గర అంత సొమ్ము ఎక్కడిది? అప్పుడు అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. సొంత సంపాదనతో ఆ గాజులు విడిపించాలని తమ్ముడు అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. నూలు అప్పు, షావుకారు లెక్క తెలిసిన ఇళ్ల ఆడపిల్లలు ఆ పేజీని అన్నదమ్ములకు పైకి చదివి వినిపించాలి. గాజులు తీసిచ్చిన ఆ అక్కను కూడా రాకెట్లు చేసినవాళ్ల వరుసలోనే లెక్కించాలి.